పన్నెండు నిమిషాల కెమెరా, పద్దెనిమిది నిమిషాల పాట

పెళ్ళయిన మూడు వారాలకి మా అమ్మాయి, అల్లుడు కౌలాలంపూర్ నుంచి ఇపోలో మా ఇంటికి వచ్చి, ఇదిగో పెళ్ళి వీడియో అంటూ నా చేతిలో ఎండుమిరపకాయంత వస్తువు ఒకటి పెట్టారు. మూడు గంటల పెళ్ళి, నాలుగువందల మంది జనం, వాళ్ళు తిన్న భోజనాలతో సహా అందులోనే ఉన్నాయట. టీవీ వెనక దాన్ని గుచ్చితే తెర మీద ఒకే ఒక్క పేరు కనిపించింది. ఒకటే ఫైలా అని అడిగాను. ఒకటే అన్నాడు అల్లుడు. మధ్యలో ముక్కలేవీ లేవా అని మళ్ళీ అడిగాను. ముక్కలెందుకుంటాయి అత్తయ్యా అని అతను నా వంక వింతగా చూశాడు. చేపలు కొనడానికి వెళ్ళి మొప్పలెత్తి చూసే మనిషిలా మీ అత్తయ్య ఫైళ్ళు చూస్తుందని మా ఆయన నవ్వారు. నవ్వితే నవ్వనీ. మా ఇంట్లో ఒక పాట పన్నెండు నిమిషాలకి అటూ ఇటూగా ఏడుసార్లు తెగిపోయింది. ఆ ఇంటిదాన్ని నేను. ఒకటే ఫైలంటే నాకు ఒక పట్టాన నమ్మకం కుదరదు.

ఈ అనుమానం నాకు అంటించినవాడు మా చిన్నాన్న. మా పుట్టినూరు తెలుక్ ఇంటాన్‌లో మార్కెట్టు వెనక వీధిలో, మేడమీద, ఆయనకో కొట్టు ఉండేది. బోర్డు మీద ఫోటో స్టూడియో అని ఉండేది గానీ లోపల ఏం జరుగుతుందో అడుగుపెడితే గానీ తెలిసేది కాదు. ఓ మూల గులాబీ రంగు తెర, దాని ముందు పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినవాళ్ళు బిగుసుకు కూర్చునే స్టూలు, ఇంకో మూల పొట్ట విప్పిన కంప్యూటర్లు, వాటి మధ్య దారం కట్టిన ప్లాస్టిక్ సంచిలో వేలాడుతూ చల్లారిపోయిన కాఫీ. కొట్టంతా సీసం కరిగించిన వాసన. చుట్టుపక్కల రబ్బరు తోటల్లో పనిచేసే మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకి వీడియో తీసేది ఆయనే, కంప్యూటర్లు బాగుచేసేది ఆయనే. మెషీన్లతో మాట్లాడినంత మర్యాదగా మనుషులతో మాట్లాడేవాడు కాదు. ఎవరైనా కొత్త డిస్కు తెచ్చి ఇందులో ఎంత పడుతుందని అడిగితే ఆయనకు ఒళ్ళు మండేది. ఎంత పడుతుందని కాదు, నీ మెషీను ఎంతవరకు లెక్కపెట్టగలదో అది అడుగు, అనేవాడు. డిస్కు సముద్రమంత ఉన్నా, దాన్ని చదివే పెట్టెకు వంద దాకానే అంకెలు వస్తే మనకు దక్కేది వందేనని ఆయన సిద్ధాంతం. విన్నవాళ్ళు తల ఊపేవాళ్ళు. అర్థమై ఊపేవాళ్ళు తక్కువే.

ఒకసారి ఒక తోట కిరాణీగారు, అంటే ఆఫీసు గుమస్తా, ఐదువందల జీబీ డిస్కు పట్టుకుని మెట్లెక్కి వచ్చి, నాలుగువందల అరవై ఐదే కనిపిస్తోంది, తక్కిన ముప్పై ఐదూ ఏం చేశావని నిలదీశాడు. డిస్కు చేసినవాడు వెయ్యిని వెయ్యిగా లెక్కపెడతాడు, కంప్యూటరు వెయ్యిన్నీ ఇరవై నాలుగయితే గానీ వెయ్యిగా ఒప్పుకోదు, అందువల్ల ఆ తేడా అని చిన్నాన్న కాగితం మీద వేసి చూపించాడు. కిరాణీగారు కాగితం కేసి చూడలేదు, చిన్నాన్న జేబుల కేసి చూశాడు. ఆ అవమానం మా చిన్నాన్న జన్మలో మరిచిపోలేదు. అప్పటినుంచి తన చేతుల మీదుగా పోయే ప్రతి డిస్కుకూ దెబ్బలకు అంటించే తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, దానిమీద తెలుగులో రాసేవాడు: పెట్టె మీద ఇంత, లోపల ఇంత. మొదట్లో కొన్నిటిమీద ‘నేను తిననేదు’ అని కూడా ఉండేది. తెలుగులోనే ఎందుకు, చదివేవాళ్ళెవరున్నారు ఇక్కడ అంటే, ఆదివారం క్లాసులో కష్టపడి నేర్చుకున్న అక్షరాలు మరెక్కడ వాడమంటావని అడిగేవాడు. నాకు తెలుగు చదవడం వచ్చిందంటే సగం ఆ క్లాసు పుణ్యం, సగం ఆ ప్లాస్టరు ముక్కల పుణ్యం.

ఇక నాయనమ్మ. ఆవిడ చిన్నాన్నకు తల్లి, మా నాన్నకు కూడా. చుట్టుపక్కల తోటల్లో ఏ తెలుగుపిల్ల పెళ్ళయినా అప్పగింతల పాట ఆవిడే పాడాలి. అందరికీ తెలిసిన పాట కాదు అది. ఇండియాలోని ఊరినుంచి ఆవిడ తల్లి తెచ్చిన పాటకి, ఇక్కడి తోటల్లో బతికిన ఆడవాళ్ళు తలో చరణం అతికించారు. పిల్లను అత్తకి అప్పగించి, మామకి అప్పగించి, మరిదికి, ఆడపడుచుకి, తోడికోడలికి, కూలీల లైను ఇళ్ళలో పక్కింటివాళ్ళకి కూడా అప్పగించి, ఆఖరికి పని పంచే మండోరును సైతం వదిలేది కాదు. మండోరయ్యా, మా పిల్లకి దూరం వరస ఇవ్వకు, దగ్గర చెట్లు ఇయ్యి అని ఒక చరణం మొత్తం ఆయనకే. అలా ఊరందరికీ అప్పగించడం అయ్యాక చివరి చరణం ఒకటుంది. దాన్ని పెళ్ళికూతురి దగ్గరగా వంగి, ఆవిడకి మాత్రమే వినపడేలా పాడాలి. ఈ పాటకి ఇంకో నియమం ఉంది, దానితోనే వచ్చాయి మా తిప్పలన్నీ. మధ్యలో ఆగితే మధ్యలోంచి ఎత్తుకోకూడదు. దగ్గొచ్చినా, వాన పడి జనం చెదిరినా, మళ్ళీ మొదటినుంచీ పాడాలి. సగంలోంచి ఎత్తుకుంటే పిల్ల కాపురం సగం దారిలో నిలబడిపోతుందని మా ఆడవాళ్ళ నమ్మకం.

నా పెళ్ళికి ఆవిడ పూర్తిగా పాడింది. నేనే పూర్తిగా వినలేదు. మండోరు చరణానికి ముందే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నాయనమ్మ వంగి నా చెవి దగ్గర ఏదో పాడింది, తమలపాకు వాసన వేసింది, అంతవరకే గుర్తు. నేను విన్నదల్లా అప్పగింతలే. అందరూ కలిసి నన్ను ఇచ్చేశారని నిశ్చయించుకుని ఇపో వచ్చాను. ఆ మొదటి ఏడాది మా ఆయన పనిమీద వేరే ఊళ్ళో ఉండగా డెంగీ జ్వరంతో పదిరోజులు ఒంటరిగా పడున్నాను. పుట్టింటికి కబురు చెయ్యలేదు. ఇచ్చేశాక మళ్ళీ వాళ్ళనెందుకు ఇబ్బందిపెట్టడం అనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ పిల్లకు ఉండే పౌరుషం అది. తరువాత తెలిసి అమ్మ లబోదిబోమంది, నాన్న నెలరోజులు మాట్లాడలేదు. నాయనమ్మ మాత్రం, పాట ఇనలేదేటే నువ్వు, అని ఒక్కమాట అడిగింది. విన్నానని అబద్ధం చెప్పాను.

పోనీ మా పెళ్ళి వీడియోలో అయినా వినొచ్చు కదా అంటే, అది ఉన్నన్నాళ్ళూ చూడబుద్ధి కాలేదు, చూడాలనుకునేసరికి అది లేదు. మా ఊరి తేమకి టేపులకు బూజు పట్టడం మొదలైందని చిన్నాన్న పాత పెళ్ళిళ్ళన్నీ డిస్కులోకి ఎక్కించే పని పెట్టుకున్నాడు. నూట అరవై జీబీ కొత్త డిస్కు కొన్నాడు. కంప్యూటరేమో పాతది, అది నూట ముప్పై ఏడు దాకానే లెక్కపెట్టగలదు. ఆ సంగతి ఆయనకు అప్పటికి తెలియదు. పదకొండో పెళ్ళి ఎక్కుతుండగా లెక్క నూట ముప్పై ఏడు దాటింది. మా నాన్న నడిపిన తోట లారీలో మీటరు లక్ష కాగానే సున్నాకి తిరిగిపోయేది. ఇదీ అంతే, సున్నాకి తిరిగి, డిస్కు మొదట్లో ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న జాబితా మీదే మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. మర్నాడు చూస్తే డిస్కు ఖాళీ అంటోంది. బూజు టేపులను అంతకుముందు రోజే చెత్త లారీకి ఇచ్చేశాడు. మాది కూడా కలిపి పదకొండు పెళ్ళిళ్ళు పోయాయి. వేరేవాడయితే నోరు మూసుకుని ఊరుకునేవాడు. చిన్నాన్న మోటారు సైకిలేసుకుని పదకొండు ఇళ్ళకీ వెళ్ళి, తప్పు నాదేనని చెప్పి వచ్చాడు. ఒక ఇంట్లో తిట్టారు, ఒక ఇంట్లో అన్నం పెట్టారు, ఒక ఇంట్లో రెండూ చేశారు. చివరగా మా ఇంటికొచ్చాడు. పోనీలే చిన్నాన్నా, ఆ వీడియోలో నాది ఏడుపు మొహమే కదా అని నవ్వించబోయాను. ఆయన నవ్వలేదు.

“నీ మొగం గురించి కాదమ్మా. పాట ఎల్లిపోనాది,” అన్నాడు.

అప్పటికే నాయనమ్మ పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసింది. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. కొత్త పిల్లలకి మైకులో సినిమా పాటలు చాలు. ఆ పాట మొత్తం వచ్చిన మనిషి ఆవిడ ఒక్కతే మిగిలింది. ఫోటోలు తీసే పెద్ద కెమెరాలతోనే వీడియో కూడా తీయొచ్చని కొత్తగా వస్తున్న రోజులవి. చిన్నాన్న ఒకటి కొన్నాడు. దాంట్లో మనిషి కనురెప్ప వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. అమ్మ ముఖం, అమ్మ పాట రెండూ దీంట్లో పెడతానని పట్టుబట్టాడు. వట్టి పాటయితే టేపురికార్డరు చాలదా అంటే, టేపు మాట నా దగ్గర ఎత్తకు అన్నాడు. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులిస్తే నేను కూడా తెలుక్ ఇంటాన్ వెళ్ళాను, నాయనమ్మ జుట్టు దువ్వి, జరీ చీర కట్టి, వాకిట్లో వెలుతురున్న చోట కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆవిడ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. అత్త, మామ, మరిది, ఆడపడుచు అయ్యారు. తోడికోడలి దగ్గరకొచ్చేసరికి కెమెరా టక్కుమని ఆగిపోయింది. సరిగ్గా పన్నెండు నిమిషాలు.

కార్డు ముప్పై రెండు జీబీలది, ఇంకా బోలెడు ఖాళీ ఉంది. అయినా ఆగింది. కార్డులో ఫైళ్ళు సర్దే పద్ధతి పాతకాలపుదట, ఒక్కో ఫైలు పొడవు రాసుకోవడానికి దాని దగ్గరున్న గడి చిన్నదట, నాలుగు జీబీలు దాటిన అంకె అందులో పట్టదట. గోదాములో ఎంత చోటున్నా చీటీ మీద రాయడానికి వీల్లేని మూటని లోపలికి రానివ్వరన్నమాట. మళ్ళీ నొక్కితే కెమెరా మళ్ళీ మొదలవుతుంది, దానికేం అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా నాయనమ్మకి. ఆగినచోటునుంచి ఎత్తుకోమంటే ససేమిరా అంది. మళ్ళీ అత్త దగ్గరినుంచి మొదలుపెట్టింది. మళ్ళీ తోడికోడలి దగ్గర టక్కుమంది. కొంచెం గబగబా పాడమన్నాడు చిన్నాన్న, బస్సెక్కాలేటి నేను అంది ఆవిడ. ఒకటో రెండో చరణాలు తగ్గించమన్నాడు. ఎవర్ని తీసేయమంటావు, ఆడపడుచునా, ఎవర్ని తీసినా గొడవేనంది. పోనీ మండోరుని తీసెయ్యి, ఇప్పుడు తోటలెక్కడున్నాయని అడిగితే, మండోరు లేకపోతే పిల్లకి పని ఎవడిస్తాడని ఎదురడిగింది. బొమ్మ నాణ్యం తగ్గించి చూశాడు, అదీ పదిహేను నిమిషాలకే ఆగింది. పాటేమో పద్దెనిమిది. కెమెరా మాట మధ్యలో తెంపకముందే, చరణం చివర తనే ఆపితే బాగుంటుందని, గోడగడియారం చూస్తూ పదకొండో నిమిషం కాగానే ట్రాఫిక్ పోలీసులా చెయ్యెత్తడం మొదలుపెట్టాడు. ఆ చెయ్యి చూసినప్పుడల్లా నాయనమ్మకి కోపం నషాళానికెక్కేది.

“పాటకి మద్దెలో గేటేస్తావేట్రా. రైలొస్తందా?” అంది చివరికి.

రెండు రోజుల్లో ఏడుసార్లు పాడింది, ఏడుసార్లూ తెగింది. ఆదివారం సాయంత్రం బస్సుకి నేను ఇపో వచ్చేశాను. తరువాతి వారం చిన్నాన్న ఫోను చేసి, దొరికింది, మొత్తం దొరికింది అన్నాడు. పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉన్నాను, మంచిది చిన్నాన్నా అన్నాను. ఎలా దొరికిందని అడగలేదు. రెండేళ్ళకి నాయనమ్మ పోయింది. ఆ తరువాత చిన్నాన్న కొట్టు మూసేసి, ఒక డిస్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాన్ని బీరువాలో పట్టుచీరల కింద దాచాను. దాచాను కనుక ఉన్నట్టే అనుకున్నాను. చూడాలన్న తీరిక నాకు ఇన్నేళ్ళలో దొరకలేదంటే సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే.

మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, నోటినుంచి మాత్రం మూడు భాషలు కలిసి వస్తాయి, మాట చివర ఇక్కడివాళ్ళ ‘లా’ ఒకటి. చేసుకోబోయే అబ్బాయిది వరంగల్, కౌలాలంపూర్‌లో కంప్యూటరు ఉద్యోగం, బ్రిక్‌ఫీల్డ్స్‌లో అద్దెకుంటాడు. వాళ్ళ వైపు అప్పగింతలు చాలా ఘనంగా చేస్తారట. అది విని మా పిల్లకి రోషం వచ్చింది. ముత్తవ్వ పాట ఉందన్నావు కదా మమ్మీ, నాకదే కావాలంది. చివరి చరణంతో సహా కావాలంది. ఆ చరణం నాకు రాదు. అమ్మకీ వచ్చేది కాదు, అది పెళ్ళికూతురి చెవిలో పాడేది కదా, ఎవరి చరణం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. చిన్నాన్నని అడుగుదామంటే ఆయనకిప్పుడు డెబ్భై ఎనిమిది, రెండు చెవులూ వినపడవు. చెవిలో పెట్టుకునే మెషీను చొక్కా జేబులో పెట్టుకుంటాడు, పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు లారీలా వినిపిస్తుందట. ఏదడగాలన్నా ఫోనులో మెసేజీ పెట్టాలి. పెట్టాను. డిస్కులో ఉంది చూడు, అని మర్నాటికి జవాబొచ్చింది.

చీరల కిందనుంచి డిస్కు తీశాను. దానితో ఇచ్చిన పెట్టెని వేరే డిస్కుకి వాడుకుంటుంటే పిడుగు పడ్డప్పుడు ఎప్పుడో మాడిపోయింది. ఇంట్లో ఇంకో పాత పెట్టె ఉంటే మా అమ్మాయి డిస్కుని అందులో బిగించి కంప్యూటరుకి తగిలించింది. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది.

“మమ్మీ, ఫార్మాట్ చెయ్యాలంట లా. ఎస్ కొట్టనా?” అంది.

ఆ మాట అడుగుతూనే వేలు మీట మీద పెట్టింది. నా చేతిలో డిస్కునుంచి ఊడొచ్చిన ప్లాస్టరు ముక్క ఉంది. పచ్చబడిపోయిన ఆ ముక్క మీద చిన్నాన్న అక్షరాలు: పెట్టె మీద 3000. లోపల 2794. అడిగితే నేదను. అప్పటిదాకా ఆ మూడోమాట ఎవరు అడిగితే, ఏం లేదనాలో అర్థం కాక అద్దాలు తుడుచుకుంటున్నాను. అడిగేది ఈ తెరేనని ఒక్కసారిగా అర్థమై మా అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎస్ కొట్టి ఉంటే నాయనమ్మ మీద తెల్లసున్నం కొట్టినట్టే. ఇందులో ఎంత కనిపిస్తోందో చెప్పమన్నాను. ఏడువందల నలభై ఆరు అంది. చిన్నాన్న రాసింది రెండువేల ఏడువందల తొంభై నాలుగు. కిరాణీగారి ముప్పై ఐదు కాదిది, రెండువేలకు పైగా కనబడటంలేదు. మా పదకొండు పెళ్ళిళ్ళు పోయినట్టే ఇదీ పోయిందనుకున్నాను. ఆ రోజు ఇద్దరం అన్నం సరిగా తినలేదు.

శనివారం కాబోయే అల్లుడు వచ్చాడు. ప్లాస్టరు ముక్కని చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాడు. “ఇది రాసినాయన గట్టోడు ఆంటీ. డిస్క్‌కి ఏం కాలే. ఈ పాత డబ్బాకి రెండువేల దాకానే లెక్క వస్తది, అది దాటినంక మల్ల సున్నా నుంచి మొదలువెడ్తది. మిగిలిన ఏడొందలే మీకు చూపిస్తాంది,” అన్నాడు. అచ్చం చిన్నాన్న మాట, వరంగల్ యాసలో. పెళ్ళిచూపుల్లో నాలుగు రకాలు వండిపెట్టినా తేలని సంగతి నాకు అప్పుడు తేలింది, పిల్లాడు మంచివాడే. తను తెచ్చిన కొత్త పెట్టెలో డిస్కు పెట్టగానే రెండువేల ఏడువందల తొంభై నాలుగూ బుద్ధిగా వచ్చి కూర్చున్నాయి. ‘అమ్మ’ అనే పేరుతో ఓ ఫోల్డరు. అందులో ఎనిమిది ఫైళ్ళు.

మొదటిది నొక్కితే నాయనమ్మ వచ్చేసింది. జరీ చీర, నేను దువ్విన జుట్టు, ఎండకి చిట్లించిన కళ్ళు. పాడింది, పాడింది, తోడికోడలి దగ్గర ఆగిపోయింది. రెండోది అక్కడే, మూడోది లైను ఇళ్ళ దగ్గర. నాలుగోదాంట్లో తెరకి అంచున చిన్నాన్న చెయ్యి లేచింది. ఏడు ఫైళ్ళూ అంతే, ఒక్కటీ చివరిదాకా లేదు. ఎనిమిదోది మరీ చిన్నది, తక్కినవాటిలో పాతికో వంతు కూడా లేదు. నొక్కితే నల్లగా ఉంది. నలుపు తప్ప ఏమీ లేదు, చప్పుడు కూడా లేదు. కరప్ట్ అయిపోయింది లా, అంటూ మా అమ్మాయి దాన్ని మూసేసింది. చిన్నాన్నకి పెద్దతనంలో భ్రమ కలిగింది, దొరకనిది దొరికిందనుకున్నాడు పాపం అనుకున్నాను. ఆయన మనసు నొప్పించకుండా ఎలా అడగాలా అని ఆలోచించి, ఏడు చూశాం చిన్నాన్నా, చివరి చరణం లేదు, పర్లేదులే అని మెసేజీ పెట్టాను. ఈసారి జవాబు నిమిషంలో వచ్చింది.

“నల్లది సూసినావేటి? మూత తియ్యనేదు. బొమ్మ నేకపోతే పాటకి సోటుంటాది.”

చోటంతా తినేది బొమ్మేనట. మూత తీయని కెమెరాకి కనిపించేది చీకటి, చీకటిని రాసుకోవడానికి పెద్దగా చోటు అక్కర్లేదు. అమ్మ కనురెప్పలు లెక్కపెట్టడానికని కొన్న కెమెరాకి మూత బిగించి కూర్చున్నాడన్నమాట మా చిన్నాన్న. నల్ల ఫైలు మళ్ళీ తెరిచి, శబ్దం పెంచి, ఈసారి మూసేయకుండా కూర్చున్నాం. నిమిషం పైన ఏమీ లేదు. తరువాత గ్లాసు కింద పెట్టిన చప్పుడు. ఆ తరువాత నాయనమ్మ గొంతు.

“మూత తియ్యవేట్రా?”

“తీస్తే నిండిపోతాదమ్మా. ఇలాగే పాడు.”

“అయితే నా మొగం పడదా?”

“పడదు.”

పక్కింట్లో కోడి అరిచింది. “సర్లే, పాట పడతాది గదా,” అంది నాయనమ్మ. మొదలుపెట్టింది. అత్త, మామ, మరిది, ఆడపడుచు. పన్నెండో నిమిషం వస్తుంటే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. తోడికోడలు దాటింది. లైను ఇళ్ళు దాటాయి. మండోరుని బతిమాలింది. ఆవిడ గొంతు తగ్గింది, ఎవరి చెవి దగ్గరికో వంగినట్టు. నల్లటి తెర ముందు మేము కూడా ముందుకు వంగాం.

ఇచ్చేసినామనుకోకు తల్లీ, పంపినామంతే,
నీ గిన్నె పొయ్యి దించనేదు, మూతెట్టినామంతే.

ఇంతే. అప్పగింతలన్నీ అయ్యాక పిల్లకి చెప్పేది ఇది. డెంగీ జ్వరంతో పదిరోజులు గోడకేసి చూస్తూ పడుకున్న ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఈ మాట వినకుండా వచ్చేసింది. యాభై రెండేళ్ళ వయసులో, కూతురి పక్కన కూర్చుని, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఏడుపులో కూడా ఈసారి చెవులు తెరిచే ఉంచాను, అందుకే పాటయిపోయాక ఉన్న మాటలు కూడా విన్నాను. అయిపోనాదా అని చిన్నాన్న అడిగాడు. అయిపోనాది, ఇన్నావా, అంది నాయనమ్మ.

“నేదమ్మా. నేను టైము సూస్తన్నాను,” అన్నాడు.

అంత పాటనీ దాచినవాడు ఆనాడు వినలేదు, ఇప్పుడు విందామంటే చెవులు లేవు. ఆ రెండు పంక్తులూ పెద్ద అక్షరాలతో తెల్ల ప్లాస్టరు మీద రాసి, తెలుక్ ఇంటాన్ వెళ్ళి నా చేత్తో ఇచ్చాను. చదివి, ఇదేటి, ఇంతేనా, దీనికోసమేనా ఏడుసార్లు తిట్టింది అన్నాడు. మళ్ళీ చదివాడు. మడిచి చెవి మెషీను పక్కన జేబులో పెట్టుకుని, కాఫీ తాగుతావా అని అడిగి లోపలికెళ్ళి, కాఫీ కలపడానికి పట్టాల్సిన దానికంటే చాలాసేపు ఉండిపోయాడు.

పెళ్ళిలో పాట నేనే పాడాను. నెలరోజులు వంటింట్లో సాధన చేశాను, మా ఆయనకి కూడా సగం వచ్చేసింది. ఇప్పుడు ఈ మిరపకాయంత వస్తువులోంచి ఆ చోటు వెతికి పెట్టమన్నాను అల్లుణ్ణి. మొదటి వరసలో చిన్నాన్న కూర్చుని ఉన్నాడు, కళ్ళు నా పెదవుల మీదే ఉన్నాయి. అత్త, మామ, మరిది, ఆడపడుచు. తోడికోడలి చరణానికి ముందు ఆయన వాచీ చూసుకున్నాడు. చెయ్యి దానంతట అదే లేచింది, అరచెయ్యి నా వైపు తిరిగింది. అక్కడ నా గొంతు తడబడింది, వీడియోలో తెలుస్తోంది కూడా. ఆగితే మళ్ళీ మొదటినుంచీ పాడాలి. చిన్నాన్న తన చేతిని తనే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. దాన్ని కిందికి దించి, జేబులోంచి ప్లాస్టరు ముక్క తీసి, మోకాలి మీద పరుచుకుని, అక్కడికి నేనెప్పుడు చేరతానా అని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. నేను చేరాను. మా పిల్ల చెవి దగ్గర వంగి పాడుతుంటే, అక్కడ ఆయన వేలు అక్షరాల కింద మెల్లగా జరిగింది.

గడియారం లెక్కన ఆ పాట పద్దెనిమిది నిమిషాలు. నేను దాన్ని మొదటినుంచి చివరిదాకా వినడానికి మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.